చేతిపనికి చదువులో లెక్క ఉందా?

కళాశాల ప్రవేశాల రోజుల్లో దరఖాస్తులు పరిశీలించే బల్ల దగ్గర కూర్చునే పని నాకు కొన్నేళ్ళపాటు పడింది. ఒక ఏడాది ఒకేషనల్ ఇంటర్ చదివిన కుర్రవాడొకడు సర్టిఫికెట్లు నా ముందుంచి, "సార్, రెండేళ్ళు మోటార్లకు వైండింగు చేశాను. ఇక్కడ అదేమైనా లెక్కకొస్తుందా?" అని అడిగాడు. "రాదు నాయనా, బ్రిడ్జి కోర్సు పాసయ్యావా, లేదా, అదే చూస్తాం" అన్నాను. నిబంధన ప్రకారం సరైన జవాబే. అయినా ఇంటికి వెళ్ళాక ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. రెండేళ్ళ నేర్పును సున్నా కింద ఎట్లా కడతాం?

ఇదే ప్రశ్న అమెరికాలోనూ పుట్టింది. అక్కడ దానికి దొరికిన జవాబును, ఆ జవాబులోని లొసుగులను మన విద్యార్థులు తెలుసుకోవడం మంచిదని ఈ వ్యాసం.

ముందుగా క్రెడిట్ అంటే ఏమిటి? అది చదువును కొలిచే కుంచం. అమెరికా కాలేజీల్లో సుమారు 15 వారాల సెమిస్టరులో వారానికి ఒక గంట పాఠం, దానికి తోడు రెండు గంటల సొంత చదువు కలిస్తే స్థూలంగా ఒక క్రెడిట్. రెండేళ్ళ అసోసియేట్ డిగ్రీకి దాదాపు 60, నాలుగేళ్ళ డిగ్రీకి దాదాపు 120 క్రెడిట్లు కావాలి. కుంచం ఒకటి ఉన్నది గనుక ఒకచోట కొలిచిన ధాన్యాన్ని మరొకచోట ఒప్పుకునే వీలు కలిగింది.

ఇక చరిత్ర. 1917లో వచ్చిన స్మిత్-హ్యూస్ చట్టం వ్యవసాయం, పారిశ్రామిక వృత్తులు, గృహవిజ్ఞానం హైస్కూళ్ళలో నేర్పడానికి కేంద్ర నిధులిచ్చింది. మంచి పనే. కాని దానితోపాటు ఒక గోడ కూడా లేచింది. కాలేజీకి పోయేవారొక వైపు, పనిలోకి పోయేవారొక వైపు అయ్యారు. పేదపిల్లలను, నల్లజాతి పిల్లలను రెండవ వైపుకే తోసేవారన్న విమర్శ చాలాకాలం నిలిచింది. 1984లో కార్ల్ పెర్కిన్స్ అనే ప్రతినిధి పేరిట కొత్త చట్టం వచ్చింది. 1990లో దాన్ని సవరించినప్పుడు 'టెక్ ప్రెప్' అనే పద్ధతికి నిధులిచ్చారు. హైస్కూలు చివరి రెండేళ్ళను, ఆ తర్వాతి రెండేళ్ళ సాంకేతిక విద్యను ఒకే వరుసలో కూర్చడం దాని సారాంశం. గోడకు తలుపు పెట్టినట్లయింది. 2006 సవరణతో చట్టంలో 'ఒకేషనల్' అన్న మాట పోయి 'కెరీర్ అండ్ టెక్నికల్' అన్నది వచ్చింది. 2018లో మళ్ళీ సవరించారు.

ఈ తలుపు రెండు విధాలుగా తెరుచుకుంటుంది. మొదటిది ద్వంద్వ క్రెడిట్. పిల్లవాడు హైస్కూల్లో ఉండగానే కాలేజీ ఆమోదించిన కోర్సు చదువుతాడు. పాసైతే అది అటు స్కూలు లెక్కలోను, ఇటు కాలేజీ లెక్కలోను వెంటనే పడుతుంది. రెండవది ఒప్పంద క్రెడిట్. "మా దగ్గర ఈ వెల్డింగు పాఠం బాగా నేర్చినవాడికి మీ మొదటి కోర్సు మినహాయించండి" అని స్కూలు, కాలేజీ ముందుగానే రాసుకుంటాయి. పిల్లవాడు ఆ కాలేజీలో చేరి అడిగినప్పుడే అది చేతికొస్తుంది.

ఒక లెక్క చూద్దాం. మూడేసి క్రెడిట్ల కోర్సులు నాలుగు హైస్కూల్లోనే ముగించిన అమ్మాయికి 12 క్రెడిట్లు చేరతాయి. అసోసియేట్ డిగ్రీలో అది అయిదవ వంతు. ఇంచుమించు ఒక సెమిస్టరు కాలమూ, ఆ మేరకు ఫీజూ మిగిలినట్టే. కూలి చేసుకునే తల్లిదండ్రులకు అది చిన్న విషయమా?

అయితే తలుపు దగ్గర గడపలున్నాయి. ఒప్పంద క్రెడిట్ సాధారణంగా ఆ ఒప్పందం చేసుకున్న కాలేజీలోనే చెల్లుతుంది. దానికి తరచు గడువూ, కనీస గ్రేడూ ఉంటాయి. అడగకపోతే మురిగిపోతుంది. మరికొన్నిచోట్ల క్రెడిట్ ఒప్పుకుంటారు గాని, దాన్ని ప్రధాన విషయం కింద కాక ఐచ్ఛికం కింద వేస్తారు. అప్పుడు సంఖ్య పెరుగుతుందే గాని డిగ్రీ దగ్గరపడదు. ద్వంద్వ క్రెడిట్‌లో మరో చిక్కుంది. పదహారేళ్ళ వయసులో తెచ్చుకున్న తక్కువ గ్రేడు కాలేజీ రికార్డులో ఉండిపోతుంది.

ఇప్పుడు మన సంగతి. 1964-66 నాటి కొఠారి కమిషన్ వృత్తివిద్యను గట్టిగా కోరింది. 1986 జాతీయ విద్యావిధానం ప్లస్ టూ విద్యార్థుల్లో 1990 నాటికి నూటికి 10 మందిని, 1995 నాటికి 25 మందిని వృత్తివిద్యలోకి తేవాలన్నది. ఆ గురి అందలేదు. కారణాలు ఎన్నో ఉన్నా, నా మట్టుకు ఒకటి ముఖ్యమనిపిస్తుంది: ఆ దారిలో పోతే పైచదువు మూసుకుపోతుందన్న భయం. ఇందుకు సాక్ష్యం మన పాలిటెక్నిక్కులే. డిప్లొమా చదివినవాడు ఈసెట్ రాసి ఇంజనీరింగు రెండవ సంవత్సరంలో నేరుగా చేరవచ్చు. అతని పూర్వపు చదువును ఏడాదిగా లెక్కగట్టారన్నమాట. ముందు మెట్టు కనపడుతోంది గనుకనే తల్లిదండ్రులు ధైర్యంగా అక్కడ చేర్పిస్తున్నారు.

2021లో అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్, 2023లో జాతీయ క్రెడిట్ చట్రం వచ్చాయి. 30 గంటల అభ్యాసానికి ఒక క్రెడిట్, ఏడాదికి 40 క్రెడిట్లు. బడి, కాలేజీ, వృత్తిశిక్షణ అన్నిటికీ ఒకే కుంచం. కుంచమైతే వచ్చింది. ఏ కాలేజీ ఏ నేర్పుకు ఎంత కొలిచి ఇస్తుందో కాగితం మీద రాసి ఇవ్వనిదే విద్యార్థికి ఒరిగేది లేదు. అమెరికా అనుభవం చెప్పే పాఠం ఇదే.

అందుచేత ఇలాంటి కోర్సులో చేరబోయే తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ నాలుగు ప్రశ్నలు అడగాలి. క్రెడిట్ ఇచ్చేది ఎవరు? ఒప్పుకునేది ఎవరు? డిగ్రీలో ఏ కోర్సుకు బదులుగా? ఎన్నాళ్ళలోగా? జవాబులు నోటిమాటగా కాక రాతలో తీసుకోండి.

ఇక బల్లకు ఇవతల కూర్చునే మాలాంటివారికి ఒక మాట. ఆ కుర్రవాడికి నేను చెప్పింది నిబంధనే. కాని అతను రెండేళ్ళలో నేర్చినదేమిటో ఒక్క ప్రశ్న కూడా వేసి చూడలేదు. నిబంధనలు మార్చడం నా చేతిలో లేకపోవచ్చు. ఆ ప్రశ్న వేయడం మాత్రం నా చేతిలోనే ఉండింది.