ఇల్లు వెడలలేని బాలబాలికలకు బోధన

బడికి రాలేని బిడ్డయొద్దకు బడియే పోవలయునను మాట మన దేశమున శాసనమైనది. 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టమును 2012లో సవరించినప్పుడు, తీవ్రవైకల్యము గల బాలబాలికలకు ఇంటియొద్దనే విద్య గోరుకొను హక్కు కల్పింపబడెను. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో భవిత కేంద్రముల ఉపాధ్యాయులు అట్టి యిండ్లకు పోయి బోధించుచుందురు. పెక్కిండ్లు తిరుగువారికి ప్రతిదినమును ఒక్కయింట గూర్చుండుట సాధ్యము గాదు. తక్కిన దినములలో తోడ్పడగలవారు మన పాఠశాల విడిచి కళాశాలలలో జేరిన విద్యార్థులు.

వయస్సు చాలదని జంకనక్కఱలేదు. 1887 మార్చి నెలలో అమెరికాలోని అలబామా రాష్ట్రమున, చూపును వినికిడియు లేని హెలెన్ కెల్లరునకు ఇంటియొద్ద చదువు చెప్ప వచ్చిన ఆన్ సలివనునకు ఇరువదియొక్క యేండ్లు నిండలేదు. నెల దాటిన పిమ్మట, బాలిక యొకచేతిపై పంపునీరు పడుచుండగా, రెండవచేత ఆ నీటి పేరును వ్రేళ్ల గుర్తులతో అక్షరాక్షరముగా వ్రాసెను. ప్రతి వస్తువునకు పేరుండునని యా బిడ్డకు అప్పుడు తెలిసినది.

మన వీథిలోనే సెరిబ్రల్ పాల్సీ గల బిడ్డ యుండవచ్చును. అట్టి బిడ్డకు పాఠముకంటె ముందు ఆసనము చూడవలయును. వెన్నునకు ఆనుడును, పాదములక్రింద పలకయును, కన్నుల యెదుట ఏటవాలుగా నిలిపిన పుస్తకమును ఉండవలెను. శరీరము జాఱుచుండెనేని, పడకుండుటకే బిడ్డ శక్తియంతయు వ్యయమగును, అక్షరమునకు మిగులదు. మాట స్పష్టము గానివారికి బుద్ధి లేదనుకొనుట పెద్ద పొరపాటు. "అవును" అనుటకు బిడ్డ చేయు గుర్తు తల్లికి తెలియును, ఆమెనే ముందడుగవలయును. పిదప "నీరు", "నిప్పు" అను రెండు అట్టలు పట్టి, దేనిని చూచునో కనిపెట్టవలెను. ఎప్పుడును కుడివైపే చూచునేమో యని అట్టల తావులు మార్చుచుండవలెను. మనస్సులో పది లెక్కించువఱకు మాటాడరాదు. పరీక్షల వేగమున కలవాటుపడిన మనకు ఈ మౌనమే మిక్కిలి కష్టము! లెక్కలకు చింతపిక్కలు బిగుసుకొన్న వ్రేళ్లనుండి జాఱును, కొబ్బరిచిప్పలు మేలు.

కండరములు నానాటికి క్షీణించు వ్యాధి గలవారి సంగతి వేఱు. ఈ యేడు వ్రాసిన చేయి వచ్చు నేడు వ్రాయకపోవచ్చును. వారు చెప్పగా మనము వ్రాయవలయును. వారి వాక్యమును మనము పూర్తిచేయరాదు.

నేనొక తప్పు చేసితిని. పరీక్షలు సమీపింపగా, చెప్పకయే, రెండు శనివారములు ఒక బాలిక యింటికి పోనైతిని. మూడవ శనివారమున ఆమె తల్లి, "రెండువారాలూ పొద్దున్నే జడ వేయించుకుని వాకిలికేసే చూస్తూ కూర్చుంది బాబూ" అని మాత్రమనెను. ఆ దినమున బాలిక యే యట్టనును చూడలేదు. అప్పటినుండి నేను రాగల దినములను గోడమీది కాలెండరుపై ఆమె యెదుటనే గుర్తించుచున్నాను. పరీక్షల వారములను చూపి, రాలేనని ఆమెకే చెప్పుచున్నాను.