జీతం లేని చోట నాయకత్వం

నాయకుడనగానే మనకు వేదిక, మైకు, పూలదండ గుర్తుకొస్తాయి. ఇవేవీ లేని సంఘాలు ఈనాడు ఇంటర్నెట్‌లో ఎన్నో వున్నాయి. అక్కడి సభ్యులు చాలామంది ఒకరి ముఖమొకరు చూసి వుండరు. జీతం లేదు, హాజరుపట్టీ లేదు. నచ్చకపోతే మరుక్షణం వెళ్ళిపోవచ్చు. మరి అటువంటి చోట నాయకుడి మాట ఎందుకు చెల్లుతుంది? ఈ వ్యాసంలో నేను పరిశీలించదలచింది ఈ ప్రశ్ననే.

మనకు దగ్గరి ఉదాహరణ తెలుగు వికీపీడియా. 2003 డిసెంబరులో వెన్న నాగార్జున దానిని ప్రారంభించారు. సభ్యులు చర్చించుకొనే చోటుకు అక్కడ 'రచ్చబండ' అని పేరు. పనికిరాని వ్యాసాలు తొలగించడం, అల్లరి చేసేవారిని ఆపడం 'నిర్వాహకుల' పని. వారి పని తీరు చూసి తోటి సభ్యులే చర్చించి ఎన్నుకొంటారు. ఏ మార్పు ఎవరు, ఎప్పుడు చేశారో వ్యాస చరిత్రలో నమోదవుతుంది. నిర్వాహకుడికీ ఇందులో మినహాయింపు లేదు.

2022 ఏప్రిల్ 4న మన జిల్లాల హద్దులు మారాయి. రాజాం శ్రీకాకుళం నుంచి విజయనగరంలోకి, పాలకొండ పార్వతీపురం మన్యంలోకి వెళ్ళాయి. రాష్ట్రమంతటా వేల గ్రామాల వ్యాసాల్లో జిల్లా పేరు సరిచేయవలసి వచ్చింది. "ఫలానా మండలం నువ్వు చెయ్యి" అని ఉత్తర్వు వేసే అధికారం అక్కడ ఎవరికీ లేదు. ముందు తాను నాలుగు సరిదిద్ది, పక్కవాడికి దారి చూపినవాడే నాయకుడు.

మాది వ్యవసాయ కుటుంబం. గెడ్డ నీరు చెరువులో పడి, తూము గుండా మా మళ్ళకొస్తుంది. నీరు తక్కువైన ఏడు ఎవరి మడికి ముందు, ఎవరికి వెనక అన్నది అందరూ కూర్చుని తేల్చుకోవాల్సిందే. ఇటువంటి ఉమ్మడి వనరులను పరిశీలించిన ఎలినార్ ఆస్ట్రోమ్‌కు 2009లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఆమె గమనించిన సూత్రాలు కొన్ని ఇవి: వాడుకొనేవారికే నియమాలు పెట్టుకోవడంలో పాలు వుండాలి, కాపలాదారు వారికే జవాబు చెప్పాలి, మొదటి తప్పుకు చిన్న శిక్ష చాలు, తగవు తీర్చే చోటు దగ్గరలో వుండాలి.

ఈ సూత్రాలు ఇంటర్నెట్ సంఘాలకూ వర్తిస్తాయి. కొత్తగా వచ్చి తప్పు రాసినవాడికి ముందు మంచి మాట చెప్పాలి. వినకపోతేనే ఆపాలి. తొలిరోజే గెంటేస్తే వాడు మళ్ళీ రాడు. వాడి ఊరి సంగతి రాసేవాడూ వుండడు.

ఇక్కడొక ప్రమాదం కూడా వున్నది. భారమంతా ఒక్కరి నెత్తిన పడరాదు. కంప్యూటర్ భాష పైథాన్‌ను సృష్టించిన గీడో వాన్ రోసమ్, ఒక మార్పు మీద సాగిన వాదాలతో అలసి 2018 జూలైలో నాయకత్వం నుంచి తప్పుకొన్నారు. అయినా పని ఆగలేదు. 2019లో సభ్యులు ఐదుగురి మండలిని ఎన్నుకొన్నారు.

అంచేత నాయకుణ్ణి కొలవాల్సింది అతని వెనక నడిచేవారి లెక్కతో కాదు. పెద్దమనిషి ఊళ్ళో లేనినాడు కూడా తూము వేళకు తెరుచుకొంటే ఆ పెద్దరికం గట్టిదన్నమాట. మన విద్యార్థి సంఘానికీ ఇదే కొలత పెట్టి చూసుకొందాం.