పాత అద్దెవాళ్ల ఉత్తరాలు మా గుమ్మంలో!

ప్రశ్న: కూకట్‌పల్లిలో ఈమధ్యే ఓ ఫ్లాట్‌లో అద్దెకు దిగాం. మాకంటే ముందున్నవాళ్ల పేరు మీద బ్యాంకు కవర్లు, లీగల్ నోటీసులు వస్తున్నాయి. వాచ్‌మన్ సంతకం పెట్టి తీసుకుని మాకిచ్చేస్తున్నాడు. విప్పి చూడొచ్చా? చించి పారేస్తే తప్పా?
– ఓ పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: రెండూ వద్దండి. మీ ఇంటికొచ్చినా ఆ ఉత్తరం కవరు మీద పేరున్నవారిదే. లోపల ఏటీఎం కార్డో, చెక్‌బుక్కో ఉండొచ్చు. ముందు ఇంటి ఓనరు దగ్గర వాళ్ల ఫోన్ నంబరు తీసుకుని విషయం చెప్పండి. బ్యాంకులో చిరునామా మార్పించుకోవడం, పోస్టాఫీసులో రీడైరెక్షన్‌కు అర్జీ పెట్టుకోవడం వాళ్ల పని.

వాళ్లు దొరక్కపోతే, మామూలు ఉత్తరాల మీద చిరునామాను ఒక్క గీతతో కొట్టేసి, ‘ఈ చిరునామాలో లేరు, పంపినవారికి తిప్పి పంపగలరు’ అని రాసి పోస్ట్‌మన్‌కు ఇవ్వండి. పంపినవారి వివరాలు కవరు మీద లేకపోతే అది తపాలా శాఖ వారి రిటర్న్‌డ్ లెటర్ ఆఫీసుకు వెళ్తుంది.

స్పీడ్ పోస్ట్‌తో మాత్రం జాగ్రత్త. మొహమాటానికి కూడా సంతకం పెట్టకండి. ‘ఇల్లు ఖాళీ చేశారు’ అని చెబితే పోస్ట్‌మన్ అదే రాసి వెనక్కి పంపుతాడు. మీరు తీసుకుంటే నోటీసు అందినట్టు లెక్కలోకి ఎక్కి, వాళ్లకు తెలియకుండానే కేసు ముదరొచ్చు. వాచ్‌మన్‌కూ ఈ సంగతి గట్టిగా చెప్పండి.

రికవరీ ఏజెంట్లు తలుపు తడితే మీ అద్దె ఒప్పందం చూపించండి. పాత అద్దెవాళ్ల అప్పుతో మీకు ఏ సంబంధమూ లేదు.