ఊరుమ్మడి నేల – విశ్వజిన్న్యాయము

విశ్వజిత్తను యాగమునందు యజమానుడు తన సర్వస్వమును దక్షిణగా నొసగవలెనని విధి కలదు. ఒక రాజు ఈ యాగము చేసినచో, తాను పాలించు భూమండలమును గూడ దానమీయవచ్చునా యను సందేహము పూర్వమీమాంస ఆరవ అధ్యాయము ఏడవ పాదమున విచారింపబడినది. ఈయరాదనియే జైమిని మహర్షి సిద్ధాంతము. భూమి అందరికిని సమానమైనదగుటయే దానికి హేతువు. రాజునకు గలది రక్షించు అధికారమే గాని స్వామ్యము గాదని వ్యాఖ్యాతలు వివరించిరి. తాను సంపాదించిన పొలమును ఎవడైనను ఈయవచ్చును. బాటలతో, చెరువులతో గూడిన మహాభూమిని ఈయజాలడు.

మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయమున దీనికి ఆచరణరూపము కనబడుచున్నది. గ్రామము చుట్టును నూరు ధనుస్సుల మేర నేలను పశువులకై విడువవలెను. ధనుస్సనగా నాలుగు మూరలు. అనగా నేటి లెక్కకు సుమారు 600 అడుగులు. ఆ మేరలో కంచెలేని పైరు వేసినవాని పంటను పశువులు మేసినచో, కాపరిని దండింపరాదని గూడ అచ్చటనే చెప్పబడినది. బయలును ఆక్రమించినవాడు నష్టపడినను ఫిర్యాదు చేయదగడని భావము.

భాగవత దశమస్కంధమున నందాదులు ఇంద్రయాగమునకు సన్నద్ధులు కాగా, బాలకృష్ణుడు గోవులను, గోవర్ధనగిరిని పూజింపుడని బోధించెను. ఆ గిరి ఏ ఒక్క గోపాలునిదియు గాదు. వ్రేపల్లె మందలన్నియు మేసి బ్రదికినది ఆ గిరిసానువులందే.

నూజివీటి మామిడి సీమలోని బాపులపాడు వంటి ఊళ్లకు ఈ న్యాయము చక్కగా అన్వయించును. తోటలు పచ్చగా నున్నంత మాత్రమున బయలు మిగిలినదని తలపరాదు. తోటకు యజమానుడున్నాడు, కంచెయున్నది. చెరువు, వాగుగట్టు, డొంక, మందబయలు అట్టివి కావు. 1948 నాటి ఎస్టేటుల రద్దు చట్టముచే జమీందారీలలోని ఇట్టి ఉమ్మడి నేలలు ప్రభుత్వపరమైనవి. జమీందారు పోయెను గాని, రక్షణధర్మము పోలేదు.

ఈ ధర్మము తప్పిన ఫలము దూరమున లేదు. రామిలేరు, తమ్మిలేరు, బుడమేరు కొల్లేటిని చేరును. 1999లో అభయారణ్యముగాను, 2002లో రామ్‌సర్ ఒడంబడిక క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యము గల చిత్తడి నేలగాను కొల్లేరు గుర్తింపబడినది. అయినను అందు వెలసిన చేపలచెరువుల గట్లను 2006లో త్రెంచవలసివచ్చెను. 2024 సెప్టెంబరులో భారీవర్షములకు బుడమేరు గట్లు తెగి విజయవాడలో పెక్కు కాలనీలు మునిగినవి. నీటికి విడువవలసిన చోటును మనుష్యుడు తీసికొన్నచో, నీరు మనుష్యుని చోటును తీసికొనును.

2011 జనవరి 28న జగ్‌పాల్ సింగ్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు గ్రామముల ఉమ్మడి భూములనుండి ఆక్రమణలను తొలగించి, వానిని గ్రామసభలకు అప్పగింపుడని రాష్ట్రములను ఆదేశించినది. నిలువ నీడలేని బీదవాని గతియేమి యని ప్రశ్నింపవచ్చును. ప్రభుత్వమే భూమిలేని కూలీలకును, షెడ్యూల్డు కులములు, తెగలవారికిని కౌలుకిచ్చిన చోట్లను, పాఠశాల, ఆసుపత్రి యున్న చోట్లను ఆ తీర్పే మినహాయింపదగినవిగా పేర్కొన్నది. బీదవాని పేరు చెప్పి బలవంతుడు గట్టును దున్నుటకు మాత్రము అందు తావు లేదు.

మరి చెరువుగర్భమున దేవాలయము నిర్మించినచో పుణ్యము గదా యని కొందరు భ్రమింతురు. తనకు గల స్వామ్యమును విడిచి ఇతరునకు కలిగించుటయే దానమని శాస్త్రకారుల లక్షణము. స్వామ్యమే లేనిచో దానమెక్కడ? ఊరి చెరువును పూడ్చి స్వామికి గుడి కట్టుట, పరుల ధనముతో స్వామికి హారము చేయించుట వంటిదే. కట్టదలచినవాడు తన పొలమును ఈయవలెను.

కావున గృహస్థులు తమ గ్రామపటమును, అడంగలును చూచి, చెరువు, డొంక, మేతబయలు ఏ సర్వే నంబరులో ఎంత మేర యున్నవో తెలిసికొనవలెను. గ్రామసభయందు అడిగి హద్దురాళ్లు నాటింపవలెను. తన పొలపు గట్టును ప్రతియేట ఒక జేనెడు ముందుకు జరుపు అలవాటును ముందుగా తామే మానవలెను. పరుని పొలము జరిపినచో పొరుగువాడు ప్రశ్నించును. ఊరి బయలును జరిపినచో ప్రశ్నించువాడుండడు. అచ్చటనే మన ధర్మబుద్ధికి నిజమైన పరీక్ష.