దొంగిలింపబడిన ఈ-మెయిల్ ఖాతాను మరల పొందు విధము

మన పాఠశాల పిల్లల తల్లిదండ్రులలో ఈ-మెయిల్ ఖాతా లేనివారు నేడు అరుదు. ఫోను కొన్ననాడే అంగడివాడు జీమెయిల్ ఖాతా యొకటి తెరచి యిచ్చుచున్నాడు. దానితో ఉత్తరములు వ్రాయువారు కొలదిమందియే. అయినను పిల్లల ప్రవేశపరీక్షల దరఖాస్తులు, బ్యాంకువారి లెక్కలు, ఫోనులోని ఫొటోలు, బంధువుల నంబర్లు ఆ యొక్క ఖాతాకే ముడిపడి యున్నవి. వేఱొకచోట పాస్‌వర్డ్ మరచినచో క్రొత్తదానిని పెట్టుకొనుటకు వలయు లంకెయు ఈ ఖాతాకే వచ్చును. కావున దీనిని చేజిక్కించుకొన్నవానికి ఇంటి తాళపుచెవుల గుత్తి యంతయు చిక్కినట్లే.

ఖాతా పోవుటకు కారణములు సామాన్యముగా నాలుగు. గూగుల్ వారు వ్రాసినట్లే కనబడు దొంగ ఉత్తరములోని లంకెను నొక్కి, అచట పాస్‌వర్డ్ వ్రాయుట యొకటి. ఒకే పాస్‌వర్డును పదిచోట్ల వాడుట రెండవది. ఆ పదింటిలో ఒకచోట దొంగలు పడినను తక్కిన తొమ్మిదియు వారివే యగును. ఫోనులో నడిగినవానికి ఓటీపీ చెప్పుట మూడవది. నాలుగవది మన ప్రాంతమున మిక్కిలి కనబడుచున్నది: అంగడివాడు ఖాతా తెరచునప్పుడు పెట్టిన పాస్‌వర్డునే ఏండ్ల తరబడి ఉంచుకొనుట. అంగడివాడు మంచివాడే కావచ్చును. కాని అతని పుస్తకములో మన పాస్‌వర్డ్ ఉండుట మంచిది కాదు.

ఖాతా పోయినదని తోచినంతనే ఏ పరికరమునందైనను ఆ ఖాతా ఇంకను తెరచియే యున్నదేమో చూడవలెను. ఉన్నచో అచటినుండియే పాస్‌వర్డ్ మార్చవలెను. లేనిచో మనము నిత్యము వాడు ఫోనునుండి, మనము నిత్యము ఉండు చోటినుండి, ప్రవేశ పుటలో పాస్‌వర్డ్ మరచినవారికై యుంచిన మాటను నొక్కవలెను. పరికరమును, స్థలమును పరిచితములైనవా యని గూగుల్ యంత్రము పరీక్షించును. కంగారుపడి బస్టాండు ప్రక్కనున్న ఇంటర్నెట్ కేంద్రమునకు పరుగెత్తుట ఇందువలననే పొరపాటు. యంత్ర మడిగిన ప్రశ్నలకు తెలిసినంతవరకు జవాబు చెప్పవలెను. పాత పాస్‌వర్డ్ ఏదైన జ్ఞాపకమున్నచో అదియును పనికివచ్చును. దొంగ మన ఫోను నంబరును తీసివేసి తన నంబరును పెట్టియుండవచ్చును. అట్లయినను మార్చిన నాటినుండి 7 దినముల వరకు మన పాత నంబరునకు సంకేతము పంపుటకు అవకాశము కలదు. అందుచేత ఆలస్యము కూడదు. ఒకసారి నిరాకరించినచో కొంత వ్యవధి నిచ్చి మరల ప్రయత్నింపవలెను.

ఇంత రూపాయ లిచ్చినచో ఖాతాను తిరిగి తెప్పించెదమని ఫోనులలో చెప్పువారు కలరు. పాస్‌వర్డులు తిరిగి యిప్పించు పనిని గూగుల్ వారు బయటివారి కెవ్వరికిని అప్పగింపలేదు. అట్టివాడు రెండవ దొంగ యని యెఱుగుడు.

ఖాతా చేతికి వచ్చినంతనే పని ముగిసినదని చాలమంది తలచుచున్నారు. అసలు పని అప్పుడే మొదలగును. గడచిన సంవత్సరము మా విద్యార్థిని తండ్రి యొకరు ఖాతాను తిరిగి పొంది, పాస్‌వర్డ్ మార్చి, నిశ్చింతగా నుండిరి. వారు దినమును హోసూరునుండి బెంగుళూరునకు పనికి పోయివచ్చువారు, తీరిక లేనివారు. మూడు వారములు గడచినను కుమార్తె పరీక్ష దరఖాస్తును గూర్చిన ఉత్తరము రాలేదు. గడువు దగ్గరపడుచుండగా మా వద్దకు వచ్చిరి. కంప్యూటరులో జీమెయిల్ సెట్టింగులు తెరచి చూడగా దొంగ పెట్టిపోయిన ఫిల్టరు యొకటి కనబడెను. పరీక్ష, బ్యాంకు అను మాటలకు సరియైన ఆంగ్లపదములున్న ఉత్తరము లన్నియు దాని వలన నేరుగా చెత్తబుట్టలోనికి పోవుచుండెను. వాని నకళ్లు తెలియని చిరునామాకు చేరుచుండెను. దరఖాస్తులో ఫొటో సరిగా లేదని, దానిని సవరింపుమని కోరిన ఉత్తరము ఆ చెత్తబుట్టలోనే దొరికినది. చెత్తబుట్టలోని ఉత్తరములు 30 దినములకు శాశ్వతముగా తొలగిపోవును. గడువునకు రెండు దినముల ముందు ఆ బాలిక ఫొటో సవరింపబడినది.

ఇట్టి ఫిల్టర్లను ఫోనులో వెదకిన ప్రయోజనము లేదు, కంప్యూటరులోనే చూడవలెను. ఫిల్టర్లు, ఫార్వర్డింగు అను రెండు పుటలలోను మనము పెట్టనిది ఏది యున్నను తుడిచివేయవలెను. అకౌంట్లు అను పుటలో మన ఖాతాను చదువుటకు వేఱొకరికి అనుమతి ఇయ్యబడినదేమో కనుగొనవలెను. పిదప గూగుల్ ఖాతాలోని సెక్యూరిటీ భాగమున పరికరముల పట్టిక యుండును. మనవి కానివానిని వెలుపలికి పంపవలెను. అచటనే సహాయపు ఫోను నంబరు, సహాయపు ఈ-మెయిలు మనవియేనా యని సరిచూడవలెను. దొంగ బంధువుల నంబర్లను తుడిచివేసి యున్నచో కాంటాక్ట్సులో 30 దినముల లోపలి స్థితికి మరల్చు ఏర్పాటు కలదు. ఆ బంధువులకు ఫోను చేసి, మన పేర ధనము కోరు ఉత్తరము వచ్చినచో నమ్మవలదని చెప్పుట మరువరాదు.

ఇక ముందు జాగ్రత్తలు. అన్నిటికంటె ముఖ్యము రెండంచెల ధ్రువీకరణము. పాస్‌వర్డ్ తెలిసినవాడును రెండవ సంకేతము లేక లోనికి రాలేడు. ఎస్సెమ్మెస్‌గా వచ్చు సంకేతముకంటె ఆథెంటికేటర్ యాప్ గాని పాస్‌కీ గాని గట్టివి. అయినను ఏమియు లేకుండుటకంటె ఎస్సెమ్మెస్ మేలు. ఫోను పోయినప్పటికై గూగుల్ వారు 10 సంకేతము లిత్తురు. ఒక్కొక్కటి ఒక్కసారియే పనిచేయును. వానిని కాగితముపై వ్రాసి రేషను కార్డుతో పాటు ఇంట దాచుకొనుడు, ఫోనులో ఫొటో తీసి కాదు.

రాష్ట్రము మారినప్పుడు సిమ్ మార్చువారు మనలో పెక్కురు. విడిచిన నంబరు కొంతకాలమునకు వేఱొకరి దగును. ఖాతాలోని నంబరును మార్చక సిమ్‌ను పారవేయుట మన సంకేతములను ఆ అపరిచితునికి పంపుటయే.

పాస్‌వర్డ్ దీర్ఘముగా నుండవలెను. పిల్లల పేర్లు, పుట్టిన సంవత్సరములు, ఇష్టదైవము పేరు వలదు. ఒకదానితో నొకటి సంబంధములేని నాలుగైదు తెలుగు మాటలను ఆంగ్లలిపిలో కలిపి వ్రాసినచో మనకు జ్ఞాపకముండును, పరులకు దొరకదు. కాని అందఱు నెఱిగిన పద్యపాదము పనికిరాదు. నెలనెలకు పాస్‌వర్డ్ మార్చవలెనను పాత సలహాను అమెరికా ప్రమాణముల సంస్థ యగు నిస్ట్ 2017లోనే విడిచినది. మాటిమాటికి మార్చువారు చివర అంకెను మాత్రమే మార్చుచుందురు. పోయినదను అనుమానము కలిగిననాడు మాత్రము తప్పక మార్చవలెను.

ధనము పోయినచో వెంటనే 1930 నంబరునకు ఫోను చేయవలెను. కేంద్రప్రభుత్వము వారి సైబర్ క్రైమ్ పోర్టలులోను ఫిర్యాదు వ్రాయవచ్చును. పరుని పాస్‌వర్డును మోసముతో వాడుట 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టము 66సి సెక్షను క్రింద నేరము. దీనికి 3 సంవత్సరముల వరకు ఖైదు, లక్ష రూపాయల వరకు జుల్మానా కలవు. దొంగ ఉత్తరమును తుడిచివేయక, తేదీతో సహా ఫొటో తీసి యుంచినచో ఫిర్యాదునకు అక్కఱకు వచ్చును.

శనివారము మధ్యాహ్నము పాఠశాల కంప్యూటరు గది తెరచియుండును. పైని చెప్పిన పుటలను సరిచూచుకొనగోరు తల్లిదండ్రులు తమ ఫోనుతో రావచ్చును. దారి మేము చూపుదుము. పాస్‌వర్డ్ మాత్రము మాకును చెప్పవలదు, మేము ప్రక్కకు తిరిగియుండగా తామే వ్రాసికొనవలెను.