స్టూడియో బుక్ చేసే ముందు

చి. చిన్నాకు,

మీ బ్యాండ్ మొదటి ఆల్బమ్‌కు నెల రోజులు స్టూడియో తీసుకుంటామనీ, సగం పాటలు అక్కడే అల్లుకుంటామనీ రాశావు. ఆ పని మాత్రం వద్దురా. గంటల లెక్కన అద్దె కడుతూ రిఫ్‌లు వెతుక్కోవడం డబ్బున్నవాళ్ళ సరదా.

నువ్వు నెత్తిన పెట్టుకునే బ్లాక్ సబ్బాత్ సంగతే చూడు. ఆ నలుగురు బర్మింగ్‌హామ్ కుర్రాళ్ళు 1969 అక్టోబర్‌లో లండన్ వెళ్ళి, రీజెంట్ సౌండ్ స్టూడియోలో ఒక్క రోజులో తొలి ఆల్బమ్ వాయించేశారు. వాన చప్పుడూ గంట మోతా తర్వాత కలిపినవి. ఇందులో మహిమేమీ లేదు. హాంబర్గ్ స్టార్ క్లబ్ లాంటి చోట్ల రోజుకు ఎన్నో విడతలు వాయించి వచ్చినవాళ్ళు. స్టూడియోలో వాళ్ళు కొత్తగా తేల్చుకోవలసింది పెద్దగా ఏమీ మిగల్లేదు.

కొత్త పెడల్ కొంటే సౌండ్ బరువెక్కుతుందన్నావు. బ్లాక్ సబ్బాత్ గిటారిస్టు టోనీ అయోమీకి ఫ్యాక్టరీలో కుడిచేతి రెండు వేళ్ళ కొసలు తెగిపోయాయి. అతనిది ఎడమచేతి వాటం, తీగలు నొక్కాల్సింది ఆ వేళ్ళతోనే. ప్లాస్టిక్ కరిగించి తొడుగులు చేసుకున్నాడు, సన్నని తీగలు వేసుకున్నాడు. 1971లో ‘మాస్టర్ ఆఫ్ రియాలిటీ’కి వచ్చేసరికి కొన్ని పాటలకు శ్రుతి ఏకంగా మూడు సెమీటోన్లు దించాడు. తీగ వదులైతే నొప్పి తగ్గుతుందని చేసిన పని అది. ఆ తర్వాత ఎంతమంది ఆ దారి పట్టారో నీకే బాగా తెలుసు. పెడల్ డబ్బులు దాచుకో.

ఇక బేస్. మెటాలికా 1988లో తెచ్చిన ‘అండ్ జస్టిస్ ఫర్ ఆల్’ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విను. పాటలు గట్టివే, కానీ జేసన్ న్యూస్టెడ్ బేస్ ఎక్కడుందో వెతుక్కోవాలి. మిక్సింగ్‌లో దాన్ని అణిచేశారు. నా లెక్కలో అది క్షమించరాని పని. 1991 ఆల్బమ్‌కు నిర్మాత బాబ్ రాక్ వచ్చి అందరినీ ఒకేచోట కలిపి వాయించమన్నాడు, బేస్ మళ్ళీ పైకి తేలింది. దానికి ఎనిమిది నెలలు పట్టింది, ఖర్చూ అలాగే అయింది. అది వాళ్ళకు చెల్లింది, మీకు చెల్లదు. మీ గిటారిస్టులిద్దరూ పోటీపడి గెయిన్ పెంచుకుంటూ పోతే బేస్ వాయించే పిల్ల ఉన్నా లేనట్టే.

అందుకని బుకింగ్ వెనక్కి జరిపించు. పాటలన్నీ ఆగకుండా, వరసగా, నలుగురూ కలిసి వాయించి ఫోన్‌లోనే రికార్డు చేసి నాకు పంపు. అందులో బేస్ వినపడితేనే అడ్వాన్స్ కట్టు.

ఇట్లు,
మీ పెదనాన్న