బ్రేకు ఆయిల్ ఎటు పోతోంది?

మా రాత్రి బడికి ఒక అప్ప వచ్చేది. ఆమె పెనిమిటి ఆటో నడుపుతాడు. అంకెలు నేర్చుకున్నాక ఆమె గోడ మీది కేలండర్‌లో ఖర్చులు రాయడం మొదలుపెట్టింది. పాలు, బియ్యం, ఆటోకి బ్రేకు ఆయిల్.

ఒకనాడు ఆ కేలండర్ నా ముందు పెట్టింది.

"సూడమ్మా, ముందు నెలకోసారి పోసీవోడు. తర్వాత పది రోజులకి. ఇప్పుడు నాలుగు రోజులకే పోత్తన్నాడు. కింద సుక్క కూడా నేదు. మరి ఆయిల్ ఏటైపోతంది?"

మంచి ప్రశ్న. ఆ ఆటోలోనే రోజూ పిల్లలు బడికి వెళ్తారు.

సూది మందు సిరంజి చూశారు కదా! వెనక నొక్కితే మందు ముందుకు వస్తుంది. బ్రేకూ అంతే. పెడలు దగ్గర పెద్ద సిలిండరు, చక్రం దగ్గర చిన్న సిలిండరు ఉంటాయి. మధ్యలో సన్న గొట్టం. కాలి బలాన్ని చక్రం దాకా మోసేది ఆయిలే. ఆయిల్ నొక్కినా నలగదు. గొట్టంలోకి గాలి దూరితే అది నలుగుతుంది. అప్పుడు పెడలు దిండులా మెత్తగా దిగిపోతుంది. బ్రేకు పట్టదు.

(పెద్ద లారీల సంగతి వేరు. సాలూరు లారీలకు పేరున్న ఊరు. అక్కడ లారీ ఆగితే ఉస్సుమని వినిపిస్తుంది. వాటికి గాలిని గట్టిగా కుక్కి, దానితో బ్రేకు వేస్తారు.)

బ్రేకు ఆయిల్ డీజిలులా మండి ఖర్చయిపోదు. లైనర్లు అరిగేకొద్దీ డబ్బాలో మట్టం కొంచెం దిగవచ్చు. అది నెలల మీద జరిగే పని. నాలుగు రోజులకే తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే. కేలండర్ చెప్పింది అదే.

రాత్రి ఆటో కింద పాత అట్ట పరవండి. పొద్దున్నే చూడండి. మరక నల్లగా ఉంటే ఇంజన్ ఆయిల్ కావచ్చు. బ్రేకు ఆయిల్ పలచగా ఉంటుంది. అనుమానముంటే పారేసే సీసాలో నీళ్లు పోసి ఒక చుక్క వేయండి. ఇంజన్ ఆయిల్ పైకి తేలుతుంది. బ్రేకు ఆయిల్ నీళ్లలో కలిసిపోతుంది. ఆ సీసా పిల్లలకు అందనివ్వకండి. అది విషం.

అట్ట మీద చుక్క లేదు కదా అని ఊరుకోకూడదు. అప్ప వాళ్ల ఆటోకి అదే జరిగింది. మెకానిక్ వెనక కుడి చక్రం విప్పి, డ్రమ్ము తీశాడు. లోపలంతా తడి! చిన్న సిలిండరులో రబ్బరు అరిగిపోయింది. కారిన ఆయిల్‌ను డ్రమ్ములోని దుమ్ము, లైనర్లు పీల్చేశాయి. అందుకే నేల మీద పడలేదు. తడిసిన లైనరు పట్టదు కాబట్టి, బ్రేకు తొక్కితే ఆటో ఎడమకి లాగేది. ఆయన రోడ్డుదే తప్పనుకున్నాడట! రబ్బర్లు, లైనర్లు కొత్తవి వేసి, గొట్టాల్లో గాలి తీయించారు.

జీపుల్లో, వ్యాన్లలో ఇంకో చోటు ఉంది. పెద్ద సిలిండరు వెనక గుండ్రటి రేకు డబ్బా ఉంటుంది. దాన్ని బూస్టర్ అంటారు. సిలిండరు వెనక రబ్బరు పోతే ఆయిల్ అందులోకి దిగిపోతుంది. బయటికి కనబడదు. సిలిండరు విప్పి, వెనక తడి ఉందేమో చూడమని మెకానిక్‌కి చెప్పాలి.

కోరాపుట్ నుంచి సుంకి మీదుగా సాలూరు దిగే ఘాట్ రోడ్డులో బ్రేకు బాగా వేడెక్కుతుంది. బ్రేకు ఆయిల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 3 ఆయిల్ 205 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టిన పాతది 140 డిగ్రీలు దాటితేనే మరిగిపోవచ్చు. మరిగితే ఆవిరి పుడుతుంది. ఆవిరి కూడా గాలిలాగే నలుగుతుంది. అందుకని మూత తీసి చాన్నాళ్లు ఉంచిన ఆయిల్ పోయించకండి. ఇంజన్ ఆయిల్ అసలే వద్దు, రబ్బర్లు ఉబ్బిపోతాయి. వెనకటి రోజుల్లో ఆముదంలో స్పిరిటు కలిపి బ్రేకు ఆయిల్ చేసేవారు. ఇప్పటి బండికి ఆముదం పోసేరు సుమా!

రాయండి:
మీరు ఎక్కే ఆటోలో బ్రేకు ఆయిల్ డబ్బా ఎక్కడుంది? దాని మీద రెండు గీతలున్నాయా? ఆయిల్ కింది గీతకు పైన ఉందా, దిగువన ఉందా?
ఇంతకు ముందు ఎప్పుడు పోశారు? డ్రైవరును అడిగి తేదీ రాయండి.